పదహారు మూతలు పోయమంటే

చదువు మానేస్తే లెక్కలు కూడా మనల్ని మానేస్తాయని మనస్ఫూర్తిగా నమ్మిన రోజులు నాకు ఉండేవి. ఆ రోజుల్లో మా తిరువూరులో ఒక కుర్రాడు బడి మానేశాడంటే ఊరేమీ కన్నీళ్ళు పెట్టుకునేది కాదు. "ఏం చేస్తున్నాడు మీవాడు?" అని అడిగేవాళ్ళు. "ఏదో ఒకటి చేస్తున్నాడండీ" అని ఇంట్లోవాళ్ళు చెప్పేవాళ్ళు. ఈ 'ఏదో ఒకటి' అనేది మా ఊళ్ళో చాలా పెద్ద డిపార్టుమెంటు. అందులో ఖాళీలు ఎప్పుడూ ఉండేవి. ఇంటర్వ్యూ లేదు, రిటైర్మెంటూ లేదు. తొమ్మిదో తరగతి సగంలో నేను అందులో చేరిపోయాను.

చివరిరోజు బోర్డు మీద ఏ లెక్క ఉందో నాకిప్పటికీ గుర్తే. నలభై శాతం ఆమ్లం ఉన్న ద్రావణం కొంత, డెబ్బై శాతం ఆమ్లం ఉన్నది కొంత కలిపారట. యాభై శాతం ఆమ్లం ఉన్న ద్రావణం ముప్పై లీటర్లు వచ్చిందట. ఏది ఎంత కలిపారో కనుక్కోవాలి. నేను లేచి, చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా అడిగాను: "సార్, కలిపినోడికి తెలీదా సార్, ఎంత కలిపాడో?" క్లాసంతా నవ్వింది. సారు మాత్రం నవ్వలేదు. చాక్‌పీసు చేతిలో అలాగే పట్టుకుని నావంక కాసేపు చూసి, "తెలిసినోడే అయితే మనదాకా ఎందుకొస్తాడ్రా?" అన్నారు. తర్వాత నన్ను వరండాలో నిలబెట్టారు. నవ్వినవాళ్ళందరూ పాసయ్యారు, నవ్వించినవాడు బయట ఉండిపోయాడు. (ఆ లెక్క వల్లే చదువు మానేశానని చాలా ఏళ్ళు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను, వినటానికి బాగుంటుందని. అసలు సంగతి వేరు. అదే నెలలో లారీ తోలే మా అబ్బా, అంటే మా నాన్న, నడుం పట్టేసి మంచాన పడ్డాడు. నలుగురు పిల్లల్లో నేనే పెద్దవాణ్ణి. ఇంట్లో మనిషి మంచం మీద ఉంటే ఎక్స్ విలువ కనుక్కునే తీరిక ఎవరికీ ఉండదు.)

ఆ తర్వాత పంక్చర్లు వేశాను, మామిడికాయల పెట్టెలకి మేకులు కొట్టాను, బస్టాండులో సోడాలు అమ్మాను. ఎక్కడా ఆరునెలలు మించి నిలవలేదు. పనిలో తప్పు ఉండేది కాదు, నోట్లో ఉండేది. ఎవరేమన్నా దానికి ఎదురు ఒకటి అనకపోతే నాకు అన్నం సయించేది కాదు. అందుకే మావాళ్ళంతా నన్ను 'వకీలు' అనేవాళ్ళు. నల్లకోటు ఒక్కటే తక్కువ. నాకు ఇరవై ఏళ్ళొచ్చేసరికి ఈ వకీలుని పెట్టుకునే ధైర్యం ఊళ్ళో ఒక్క మనిషికే మిగిలింది. ఆయన మా మామూ, అమ్మీకి తమ్ముడు.

మామూకి మామిడితోటలకి పురుగుమందు కొట్టే మిషను ఉండేది. ఒక ట్రాలీ ఆటో, దానిమీద రెండొందల లీటర్ల నీలం డ్రమ్ము, పెట్రోలు ఇంజను, చెట్టు చిటారుకొమ్మ దాకా మందు చిమ్మే పొడుగాటి గన్ను, వంద మీటర్ల పైపు. జనవరి చలిలో చెట్లు పూమొగ్గ తొడిగే వేళకి ఆయనకి ఊపిరాడేది కాదు. ఎ.కొండూరు నుంచి నెమలి దాకా "సాయిబు గారూ, మా తోటకెప్పుడు?" అని ఒకటే పిలుపులు. మిషన్లు చాలామందికి ఉండేవి. మామూనే పిలవటానికి కారణం ఆయన కొలత.

ఆ కొలత ఒక సీసా మూత. ఏ కంపెనీదో, ఏ కాలం నాటిదో ఆయనకే తెలియదు. దానికి దారం కట్టి చొక్కా గుండీకి తగిలించుకునేవాడు. కొత్త సీసాలతో వచ్చే మూతల్ని నమ్మేవాడు కాదు. "కంపెనీవాడు సీసా మారుస్తాడు, మూతా మారుస్తాడు. నా మూత మారదు" అనేవాడు. అది నిండితే పాతిక ఎమ్మెల్. డ్రమ్ముకి పదహారు మూతలు, అంటే నాలుగొందల ఎమ్మెల్. అంటే లీటరు నీళ్ళకి రెండు ఎమ్మెల్ మందు. (ఈ గుణకారాలన్నీ ఇప్పుడు నేను చెబుతున్నవి. మామూకి తెలిసిందల్లా డ్రమ్ముకి పదహారు అన్న సంగతి. అంతకుమించి తెలుసుకోవాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.)

పోయటానికి ఒక పద్ధతి ఉండేది. మందు తిన్నగా డ్రమ్ములో పోయకూడదు. మూత తర్వాత మూత ముందు స్టీలు మగ్గులో పోయాలి, పదహారూ అయ్యాక మగ్గు డ్రమ్ములో వంచాలి. అంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. తోట ఆసామి ఎంత పెద్దమనిషైనా సరే, తువ్వాలు భుజం మీద వేసుకుని చావింట్లో నిలబడ్డట్టు నిలబడాల్సిందే. ఎవరైనా మాట్లాడి లెక్క తప్పిస్తే, మామూ ఏమీ అనకుండా మగ్గులోది మళ్ళీ సీసాలో పోసేసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాడు. "లెక్క తప్పితే ఒకటి నుంచి. మధ్యలోంచి ఎత్తుకోవటాలు మన దగ్గర లేవు." ఈ ఒక్క మాటా నేను బాగా వంటబట్టించుకున్నాను. వంటబట్టాల్సిన మిగతా సగం మగ్గులో ఉందని నాకు తట్టలేదు.

ఆ ఏడు ఎ.కొండూరు దగ్గర ఒక తోటకి వెళ్ళాం. డెబ్బై ఐదు చెట్లు. ఆసామి ఒక నడివయసు ఆవిడ, మేం తోటమ్మ అనేవాళ్ళం. భర్త పోయి రెండేళ్ళయింది. ఆయన పోయిన ఏడు పూతకి తేనెమంచు పురుగు పట్టింది, ఆ మరుసటేడు పూత మీద మంచు కురిసింది. రెండేళ్ళూ కాయ చేతికి రాలేదు. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. బండి ఆగగానే మామూతో మాత్రం ఒక మాట అంది: "ఈ ఏడు కూడా పూత పోయిందంటే చెట్లు కొట్టించేసి పత్తి వేస్తామంటున్నారండీ మా బావగారు వాళ్ళు. రంపం వాడితో కూడా మాట్లాడేశారు." మామూ తలెత్తి చెట్లవంక చూశాడు. పూమొగ్గలు ఇంకా విచ్చలేదు. ఆకు కనపడనంతగా, లేత ఎరుపు గుత్తులు. "పూత బాగుందమ్మా" అన్నాడు. అంతకుమించి ఆయనా ఏమీ అనలేదు. నేను మాత్రం ఈ ఇద్దరి మౌనం చూసి తట్టుకోలేక, "రంపం ఆయన్ని కూడా పిలవండమ్మా, పూత చూసి ఆయనే రంపం పారేసి మనతో పైపు లాగుతాడు" అన్నాను. తోటమ్మ నావంక చూసింది. నవ్వలేదు. ఆవిణ్ణి నవ్వించాలని అప్పుడే పట్టుదల పుట్టింది నాకు. ఇరవై ఏళ్ళవాడి పట్టుదలలు అలాంటివే.

మొదటి డ్రమ్ము కలపబోతుంటే పెట్రోలు క్యాను కారిపోయి ఖాళీగా ఉందని తెలిసింది. ఇంజన్లో మాత్రం కాస్త ఉంది. మామూ ఎవరిదో బండి వెనక ఎక్కి తిరువూరు బయల్దేరుతూ, చొక్కాకున్న మూత విప్పి నా చేతిలో పెట్టాడు. అది మొదటిసారి.

"నేనొచ్చేలోగా డ్రమ్ము కలిపి పెట్టు. కొట్టొద్దు. విన్నావా? కొట్టొద్దు."

"మామూ, నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా?"

"కాదు. అందుకే రెండుసార్లు చెప్పా."

మూత నా చొక్కా గుండీకి తగిలించుకుని కాసేపు అటూఇటూ నడిచాను. మోటారు షెడ్డు అరుగు మీద తోటమ్మ కూతురు కూర్చుని ఉంది. ఆదివారం కాబట్టి బడి లేదు. జడలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని ఉండేది, అందుకని నేను ఆ పిల్లకి 'పెన్సిలు' అని పేరు పెట్టాను. తొమ్మిదో తరగతి. ఒళ్ళో లెక్కల పుస్తకం. నేను వదిలేసిన చోటే ఉంది ఆ పిల్ల. ఆ సంగతి నాకప్పుడు తెలియదు.

మగ్గు బండిలోనే ఉంది. కానీ చూసేవాళ్ళు ఉన్నప్పుడు మగ్గులో కొలుచుకుంటూ కూర్చోవటం నామోషీ అనిపించింది. మూత మీద మూత తిన్నగా డ్రమ్ములోనే, చెయ్యి పైకెత్తి, టీ కొట్టువాడిలా సన్నటి ధారగా పోయటం మొదలుపెట్టాను. ఎనిమిదో మూత పోశానో లేదో, ఆ పిల్ల గొణుక్కుంటూ చదవటం వినపడింది: "...ఒక పాత్రలోని ద్రావణంలో ముప్పై శాతం, రెండవ పాత్రలో..." నా నోరు ఆగలేదు.

"పెన్సిలూ, కలిపినోడికి తెలీదా ఎంత కలిపాడో?"

ఆ పిల్ల పకపకా నవ్వింది. "అడగనా అన్నా రేపు మా సార్ని?"

"అడుగు. వరండాలో చల్లగా ఉంటుంది, నేను చూశా."

ఇంకా నవ్వింది. నేను ఇంకో రెండు చెప్పాను. తృప్తిగా సీసా వైపు తిరిగేసరికి ఎన్నోదాన్లో ఉన్నానో గుర్తు రాలేదు. కానీ వంటబట్టిన సూత్రం ఉందిగా. లెక్క తప్పితే ఒకటి నుంచి! నోరు గట్టిగా మూసుకుని, మామూ చూస్తే మెచ్చుకునేంత నిష్ఠగా, ఒకటి నుంచి పదహారు దాకా పోశాను. డ్రమ్ము నిండా నీళ్ళు పట్టాను. కర్రతో కలిపాను. ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఇంజను స్టార్ట్ చేశాను. కొట్టొద్దన్నాడు నిజమే. కానీ గన్ను సరిగ్గా చిమ్ముతుందో లేదో చూడొద్దా? షెడ్డు పక్కన కిందికి వాలిన ఒక కొమ్మ మీద, ఆ ఒక్క కొమ్మ మీదే, తడిసిపోయేలా కొట్టి ఆపాను. ఇంజను చప్పుడు ఆగాక పెన్సిలు అడిగింది.

"అన్నా, మరి ఇందాక పోసిన ఎనిమిదో?"

"ఏ ఎనిమిది?"

"నవ్వకముందు పోశావుగా. నేను లెక్కపెట్టా. ఎనిమిది, తర్వాత పదహారు."

సీసా ఎత్తి చూశాను. లీటరు సీసా. పక్కన గీతలున్నాయి. ఆరొందల గీత దగ్గర ఉండాల్సిన మందు నాలుగొందల దగ్గర ఉంది. రెండు ఎమ్మెల్ పడాల్సిన ప్రతి లీటరుకీ మూడు పడ్డాయి. అంత మందుకి పూమొగ్గ మాడిపోతుందని ఈ పనిలో నెల రోజులున్న ఎవడికైనా తెలుసు. పారబోద్దామంటే తోటమ్మ తెప్పించింది రెండే సీసాలు, ఐదు డ్రమ్ములకి సరిగ్గా సరిపోయేట్టు. పారబోయటానికి చోటూ లేదు, పక్కనే పశువులు తాగే కాలవ. ఇంకో వంద లీటర్ల నీళ్ళు పోద్దామంటే డ్రమ్ము అప్పటికే అంచుదాకా ఉంది. చెట్లవంక చూశాను. అన్ని గుత్తులూ నావైపే తిరిగి ఉన్నట్టనిపించింది. కలిపినవాణ్ణి నేనే. ఎంత కలిపానో చెప్పటానికి తొమ్మిదో తరగతి పిల్ల కావాల్సి వచ్చింది.

"కొంచెం తీసేసి నీళ్ళు పోస్తే సరిపోద్ది కదన్నా" అంది పెన్సిలు.

"ఎంత తియ్యాలి?"

ఆ పిల్ల జడలోంచి పెన్సిలు లాగింది. "తీసేది ఎక్స్ లీటర్లు అనుకుందాం."

"అనుకో తల్లీ, ఏదైనా అనుకో" అన్నాను. వరండాలో నిలబడ్డనాటి నుంచీ ఎక్స్ మీద నాకున్న కోపమంతా ఆ నిమిషంలో పోయింది.

తీసేశాక మిగిలేది రెండొందల్లోంచి ఎక్స్ తీసేసినన్ని లీటర్లు. ఒక్కో లీటరులో మూడు ఎమ్మెల్. అదంతా కలిపి నాలుగొందలు అవ్వాలి. పుస్తకం వెనక అట్ట మీద నాలుగు వరసలు రాసి, ఆ పిల్ల ఆగింది. "అరవై ఆరు పాయింటు ఆరు, ఆరు, ఆరు..."

"ఎన్ని ఆరులు?"

"అయిపోవన్నా ఇవి."

"అయిపోకపోతే మామూ వచ్చేస్తాడు. ఆపెయ్."

"ఆపకూడదు, సవరించాలి. దగ్గరి పూర్ణాంకం అరవై ఏడు." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ కొమ్మకి కొట్టింది కూడా తియ్యాలేమో?" అంది.

"ఎంత పోయుంటుందిలే. లీటరో, లీటరున్నరో."

"అయితే ఉపేక్షణీయం" అంటూ ఆ మాట కూడా అట్ట మీద రాసింది.

"అంటే?"

"అంటే ఉందని తెలిసినా లేనట్టు ఊరుకోవటం" అంది. మా బంధువుల్లో సగంమంది నన్ను చూసే పద్ధతికి పేరుందని అప్పుడే తెలిసింది.

తోడటానికి ఉన్నది పదిహేను లీటర్ల పెయింటు బకెట్టు. అరవై ఏడుని పదిహేనుతో భాగిస్తే నాలుగు పాయింటు నాలుగు చిల్లర. "నాలుగు బకెట్లు" అంది పెన్సిలు. నాకు నమ్మకం కుదరలేదు. అరవై ఏడు అంటే డెబ్బై కిందే లెక్క కదా, మా ఊళ్ళో ఎవరైనా అలాగే అనుకుంటారు. డెబ్బైని పదిహేనుతో భాగించమన్నాను. నాలుగున్నర దాటింది. "చూశావా? ఐదు!" అన్నాను. ఆ పిల్లకి కోపం వచ్చింది.

"అన్నా, ఒకసారి సవరించినదాన్ని మళ్ళీ సవరించకూడదు! సున్నా వేస్తారు."

"మీ సారు సున్నా వేస్తే పుస్తకంలో పడుద్ది. ఇక్కడ చెట్లమీద పడుద్ది."

"లెక్క ప్రకారం నాలుగే."

"భయం ప్రకారం ఐదు."

అలా ఇద్దరం గొడవ పడుతూ తలెత్తి చూస్తే, మా టిఫిను గిన్నె పట్టుకుని తోటమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. నేను అలవాటు కొద్దీ ఏదో సరదా మాట కోసం వెతుక్కున్నాను. పుట్టి బుద్ధెరిగాక నాకు మాట దొరక్కపోవటం అదే మొదలు. చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మాట్లాడుతూ పోశానని, మగ్గులో పోయలేదని, లీటరుకి మూడు పడిందని, ఇప్పుడు నాలుగు బకెట్లు తియ్యాలో ఐదు తియ్యాలో తేలటం లేదని. అంత కాసేపు ఎవర్నీ నవ్వించకుండా నేనెప్పుడూ మాట్లాడలేదు.

ఆవిడ గిన్నె అరుగు మీద పెట్టింది. "నాలుగు తీస్తే?"

"మందు కాస్త ఎక్కువుంటదమ్మా" అంది కూతురు.

"ఐదు తీస్తే?"

"కాస్త తక్కువుంటది. పురుగు అంతా చావకపోవచ్చు."

"పురుగు బతికితే మళ్ళీ కొట్టుకుంటాం. పూత మాడితే మళ్ళీ ఎవరు పూయిస్తారు? ఐదు తియ్యండి" అంది. నేను పెన్సిలు వంక గెలిచినట్టు చూడబోయాను. ఆవిడ నావైపు తిరిగి, "ఎక్కడన్నా కొట్టావా అబ్బాయ్?" అనడిగింది.

"ఒక్క కొమ్మేనమ్మా. అది లెక్కలోకి రాదు."

"ఏ కొమ్మ?"

చూపించాను. ఆవిడ చీరకొంగు నడుముకి చుట్టి, బోరు దగ్గర బిందె నింపి, షెడ్డులోంచి స్టూలు తెచ్చి ఆ కొమ్మ కింద వేసింది. స్టూలు పట్టుకోమంది. ఎక్కి, ఒక్కో గుత్తినీ అరచేతిలోకి తీసుకుని, పసిబిడ్డకి తలంటు పోసినంత నెమ్మదిగా చెంబుతో నీళ్ళు పోసి కడగటం మొదలుపెట్టింది. ఏడు బిందెలు నేనే మోశాను. చన్నీళ్ళు నా నెత్తిమీద నుంచి చొక్కాలోకి కారుతూనే ఉన్నాయి. ఒక్క జోకు కూడా రాలేదు. (పక్కన పెన్సిలు మాత్రం ఉపేక్షణీయం అన్న మాట అట్టమీంచి రబ్బరుతో చెరిపేసింది. నేను చూశాను.)

ఐదు బకెట్లు తోడి, ఎరువు నానబెట్టే పీపా కడిగి అందులో పోశాం. డ్రమ్ముని మళ్ళీ నీళ్ళతో నింపాం. అప్పుడే మామూ వచ్చాడు. పెట్రోలు క్యాను దించుతూ, తోటంతా పొడిగా ఉంటే ఒక్క కొమ్మ కిందే బురద ఎందుకుందా అని చూశాడు. తోటమ్మ నా గురించి చెప్పలేదు. చెప్తుందేమోనని కాసేపు చూశాను. చెప్పకుండా టిఫిను ప్లేట్లలో పెడుతోంది. ఇక నేనే చెప్పుకున్నాను.

మామూ అంతా విని ఒకటే అడిగాడు. "మగ్గెక్కడుంది?"

"బండిలో."

"ఊఁ." ఆ ఒక్క అక్షరంలో ఎన్ని తిట్లు పట్టాయో నాకే తెలుసు. తర్వాత ఆయన అరుగు మీద కూర్చుని, ఆ లెక్క తనకి చదివి వినిపించమని పెన్సిలుని అడిగాడు. ఆ పిల్ల ఎక్స్ దగ్గర్నుంచి చదువుతుంటే, టోపీ సర్దుకుని, తల వంచుకుని, దువా వింటున్నట్టు విన్నాడు. అర్థం కాలేదని ముఖం మీద తెలుస్తూనే ఉంది. అయినా మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

"ఐదు తియ్యమన్నదెవరు?"

"మా అమ్మ."

"మంచిమాట అన్నారమ్మా" అన్నాడు తోటమ్మతో.

రెండో డ్రమ్ముకి పీపాలోది తిరిగి పోసి, నీళ్ళు పట్టి, ఇక ఎంత మందు పోయాలో పెన్సిలు చెప్పింది: "ఏడు మూతలు చాలు సాయిబు గారూ." పాతికేళ్ళుగా పదహారే పోసిన చెయ్యి అది. మామూ మగ్గు తెచ్చాడు. ఏడో మూత పోశాక ఆయన చెయ్యి తనంతట తనే ఎనిమిదో దాని కోసం సీసా వంచబోయింది, ఆయన ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఆపుకున్నాడు. ఆ తర్వాత మూడు డ్రమ్ములూ మామూలుగా పదహారేసి. మధ్యాహ్నానికి చివరి చెట్టు కూడా తడిసింది. ఖాళీ అయి ఉండాల్సిన రెండో సీసాని మామూ వంచి చూస్తే అడుగున ఇంకా మందుంది. కొలిస్తే సరిగ్గా ఒక్క మూత. ఆయన నావంక అనుమానంగా చూశాడు. పెన్సిలు మాత్రం అట్ట మీద గబగబా ఏదో రాసి, అరుగు మీంచి దూకినంత పని చేసింది.

"పాతిక ఎమ్మెల్! మొదటి డ్రమ్ములో తక్కువ పడింది పాతికే! అన్నా, మనం సవరించింది ఇదే, ఇదిగో, సీసాలో ఉంది!"

నేను సీసా వెలుతురుకి ఎత్తి చూశాను. సవరించినదంతా ఎక్కడికో పోతుందని అనుకునేవాణ్ణి అంతవరకూ. పాయింటు తర్వాత కొట్టేసిన అంకెలన్నీ అడుగున, చిక్కగా, ఘాటు వాసనతో కూర్చుని ఉన్నాయి. తోటమ్మ ఆ సీసా తీసుకుని షెడ్డు గూట్లో పైన పెట్టింది, పిల్లలకి అందకుండా.

ఆ తర్వాత మూడు వారాలు నాకు నిద్రలో కూడా మాడిన పూతే కనపడింది. ఎ.కొండూరు వైపు నుంచి ఎవరొచ్చినా తోటల సంగతి అడిగేవాణ్ణి. రంపం వాళ్ళెవరైనా ఆటోలో ఎదురైతే ఎక్కడికి పోతున్నారని ఆపి మరీ కనుక్కునేవాణ్ణి. ("నీకెందుకురా, చెట్టేమన్నా నీ చుట్టమా?" అన్నాడొకాయన.) రెండో మందుకి పిలుపు వచ్చినప్పుడు దారిపొడుగునా మామూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మామూ రెండుసార్లు వెనక్కి తిరిగి నేను బండిలో ఉన్నానో లేదో చూసుకున్నాడు.

తోట నిలబడింది. బఠాణీ గింజంత పిందెలు, ప్రతి గుత్తికీ. పురుగు అక్కడక్కడా ఉంది, అది రెండో మందుకి పోయేదే. నేను తిన్నగా షెడ్డు పక్క కొమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎంత కడిగినా సగం గుత్తులు చివర్లు మాడి, కాలిన అగరొత్తుల్లా నల్లగా ఉన్నాయి. మిగతా సగం నిలిచాయి. నా వెనకే తోటమ్మ వచ్చింది.

"ఇదిగో నీ కొమ్మ, వకీలూ. లెక్కలోకి రాదన్నావుగా. లెక్కపెట్టుకో."

నిలిచిన గుత్తులు పద్నాలుగు. పైకే లెక్కపెట్టాను. తిరిగి చూస్తే ఆవిడ నవ్వుతోంది. అంత కష్టపడి నవ్వించాలనుకున్న మనిషి, నేను ఏమీ అననప్పుడు నవ్వింది.

చెట్లు ఎవరూ కొట్టించలేదు. ఇప్పుడా తోట పెన్సిలే చూసుకుంటోంది. మామూ మోకాళ్ళు అరిగి ఇంటిపట్టునే ఉంటున్నాడు, మిషను నా చేతికి వచ్చింది. ఈమధ్య డ్రోన్లతో కూడా మందు కొడుతున్నారు. అది చెట్టు మీద ఎగురుతుంటే కింద నిలబడి మాట్లాడటానికి మనిషే ఉండడు, అందుకని నాకు దానిమీద గౌరవం కుదరటం లేదు. ఆ కొమ్మ మరుసటేడు నుంచే మిగతావాటితో సమానంగా కాసింది. మచ్చ కూడా లేదు. అయినా ఆ తోటలో దాని పేరు 'వకీలు కొమ్మ' అనే ఉండిపోయింది. కోతకి వచ్చేవాళ్ళు "వకీలు కొమ్మ కాడ బుట్ట పెట్టండి," "వకీలు కొమ్మ మీద కాయ మాగింది" అంటూ ఉంటారు. వాళ్ళలో చాలామందికి అది ఎందుకో తెలియదు.

మొన్న వేసవిలో కోతలప్పుడు పని మీద అటు వెళ్ళాను. గంపలగూడెం నుంచి కొత్తగా వచ్చిన కూలీ ఒకతను ఆ కొమ్మకి నిచ్చెన వేస్తూ నన్ను అడిగాడు. "వకీలు కొమ్మంటే ఏంటండీ? ఎవరన్నా వకీలు గారు ఎక్కి పడ్డారా?"

అవతల బుట్టల దగ్గరున్న పెన్సిలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు చొక్కా గుండీకి మూత తగిలించుకుని, చెయ్యి పైకెత్తి, సన్నటి ధారగా మందు పోస్తున్న ఆ ఇరవై ఏళ్ళవాడు కనపడ్డాడు. ఎంత సంతోషంగా ఉన్నాడో వెధవ.

"అవునయ్యా, పడ్డాడు. కుర్రాడు. బాగా మాట్లాడేవాడు."

"అయ్యో పాపం. దెబ్బలు గట్టిగా తగిలాయా అండీ?"

"కొమ్మకి తగిలాయి" అన్నాను.

అతను నన్నొకసారి, కొమ్మనొకసారి చూసి, నిచ్చెన తీసి ఇంకాస్త మెల్లగా ఆనించాడు.